7.10 శాతం 2034: పదేళ్ల సర్కారు బాండు ఎవరు కొనాలి, ఎవరు కొనకూడదు

కొన్నది: కేంద్ర ప్రభుత్వ బాండు, 7.10 శాతం, గడువు 2034 ఏప్రిల్ 8. కొన్నచోటు: రిజర్వ్ బ్యాంకు వారి రిటైల్ డైరెక్ట్, అంటే మనలాంటివాళ్లు సర్కారు బాండ్లు నేరుగా కొనుక్కునే వెబ్‌సైటు. నా మార్కులు: నాలాంటి రిటైరైనవాళ్లకి ఐదుకి నాలుగున్నర. పిల్ల పెళ్లికి దాచుకునేవాళ్లకి రెండు.

కరెంటాఫీసు అకౌంట్స్‌లో పనిచేసినవాణ్ణి, వడ్డీ లెక్కలంటే నాకు కాలక్షేపం. ఈ బాండు మొదటిసారి వేలానికొచ్చింది 2024 ఏప్రిల్ 5, శుక్రవారం. రిటైల్ డైరెక్ట్ ఖాతాకి రుసుము లేదు, కనీసం పదివేలు ఉంటే చాలు. వేలంలో మనం రేటు చెప్పక్కర్లేదు. బ్యాంకులూ బీమా కంపెనీలూ పాడుకోగా తేలిన సగటు ధరకే మనకీ ఇస్తారు. రెండు లక్షలు పెట్టాను. ఏటా ఏప్రిల్ 8న, అక్టోబరు 8న 7,100 చొప్పున ఖాతాలో పడుతుంది. టీడీఎస్ కొయ్యరు. అలాగని పన్ను లేదనుకునేరు, మీ శ్లాబు ప్రకారం కట్టాల్సిందే.

మా బావమరిదికి ఇక్కడే తిరకాసు. "బావా, నీ వడ్డీ 2034 దాకా కదలదంటావు. టీవీలో చూస్తే పదేళ్ల బాండు వడ్డీ పెరిగింది, తగ్గింది అని రోజూ స్క్రోలింగ్. ఏది నిజం?"

రెండూ నిజమే. లక్షకి ఏటా 7,100 ఇచ్చే కాగితం నా దగ్గరుంది. 2025 జూన్ మొదట్లో బజారులో పదేళ్ల బాండు మీద 6.2 చిల్లరకి మించి గిట్టడం లేదు. బాండు ధర చెప్పేది వంద రూపాయల అసలుకి ఎంత అని. అలాంటప్పుడు నా కాగితాన్ని వందకి ఎవరమ్ముతారు? ధర 105 దాటింది. అంత పెట్టి కొన్నాయనకి 2034లో తిరిగొచ్చేది వందే. పోయే ఆ ఐదూ లెక్కలో వేసుకుంటే ఆయనకీ మిగిలేది ఆరుంబావు దగ్గరే. టీవీలో చెప్పేది ఈ రేటు. ధర ఎక్కితే అది దిగుతుంది, ధర దిగితే అది ఎక్కుతుంది. పేరులో 7.10 ఉంది కదా అని పాత బాండుని ఎంతకైనా కొనేవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవండి.

మరి ధర ఎందుకు ఊగుతుంది? రెపో రేటు, అంటే బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటు, అంటారు అందరూ. అది సగమే. 2025 జూన్ 6న రిజర్వ్ బ్యాంకు రెపోని ఒక్క దెబ్బకి అర శాతం తగ్గించి 5.5 చేసింది. బజారులో బాండ్ల రేటు ఇంకా పడాలి కదా? పెరిగింది! ఇకపై తగ్గించడానికి పెద్దగా చోటు లేదని ఆ రోజే చెప్పేశారు మరి. పదేళ్లకి డబ్బు కట్టేసేవాడు ఇవాళ్టి రెపో ఒక్కటే చూడడు, ముందు ముందు ఎటు పోతుందో చూస్తాడు. ఆగస్టులో జీఎస్టీ తగ్గిస్తామన్న కబురొచ్చింది. రాబడి తగ్గితే సర్కారు ఇంకా అప్పు చేస్తుందేమో, కొత్త బాండ్లు ఎక్కువొచ్చి పడతాయేమో అన్న బెంగ పట్టుకుని, నెలాఖరుకి పదేళ్ల రేటు 6.5 దాటింది. కొనేవాళ్లు పెరిగితే దీనికి ఉల్టా. అమెరికా బ్యాంకు జేపీ మోర్గాన్ 2024 జూన్ నుంచి మన బాండ్లని తన సూచీలో (ఫండ్లు ఏం కొనాలో చూసుకునే జాబితా) చేర్చుకోవడంతో విదేశీ ఫండ్లు కూడా కొనుగోళ్లకి దిగాయి, ధరకి ఊతం దొరికింది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ ధరల మంట కొట్టేది. 2022 జనవరిలో 6.54 శాతానికి ఒక పదేళ్ల బాండు వచ్చింది. ఉక్రెయిన్ యుద్ధంతో చమురు మండింది, ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరింది, మే 4న రిజర్వ్ బ్యాంకు సమావేశం వేళ కాకపోయినా రెపో పెంచింది. జూన్‌కల్లా పదేళ్ల రేటు 7.6ని తాకింది. అప్పుడు ఆ 6.54 కాగితం అమ్ముకోబోతే వందకి 93 దగ్గర పలికేది. అమ్మకుండా ఉంచుకున్నవాళ్లకి మాత్రం వడ్డీలో పైసా తగ్గలేదు.

ఒక బ్యాంకులో కుర్రాడు "గవర్నమెంటు బాండుకి నష్టమే ఉండదు సార్" అంటూ నాకు గిల్ట్ ఫండు, అంటే సర్కారు బాండ్లు కొనే మ్యూచువల్ ఫండు, అంటగట్టబోయాడు. ఫండుకి గడువు తేదీ ఉండదు నాయనా, ఈ ఊగులాటంతా దాని విలువలో రోజూ కనిపిస్తుంది అన్నాను. ఇంకో బ్రోషరు తీశాడు.

మార్కులు కోసింది అమ్మకం దగ్గర. రిటైల్ డైరెక్ట్‌లోనే అమ్ముకునే వీలుంది, కానీ అది కోట్లలో బేరాలాడే బ్యాంకుల బజారు. రెండు లక్షల సరుక్కి అడిగిన రోజే మంచి ధర దొరుకుతుందని నమ్మకం పెట్టుకోకండి.

ఇంకాస్త వడ్డీ కావాలంటే మంగళవారాలు రాష్ట్రాల బాండ్ల వేలం ఉంటుంది. ఆంధ్ర, తెలంగాణ రెండూ తరచూ వస్తాయి, కేంద్రం కన్నా కొంచెం ఎక్కువే ఇస్తాయి. బావమరిది వాటి మీద కన్నేశాడు. అతను రెండేళ్లలో ఇల్లు మొదలెట్టాలనుకుంటున్నాడు గనక వద్దన్నాను. 364 రోజుల ట్రెజరీ బిల్లు, అంటే కేంద్రం ఏడాదిలోపే తీర్చేసే అప్పు కాగితం, చూసుకోమన్నాను. వాటి వేలం బుధవారాలు.