చీలమండలో ప్లేటు తీయించుకోవాలా వద్దా: విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆర్థో క్లినిక్ గురించి నా రివ్యూ

ముందే చెప్పేస్తా, నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు తగ్గించానో కింద రాశా. క్లినిక్ పేరు రాయట్లేదండి, రాస్తే పబ్లిసిటీ అంటారు, పైగా నాకు బాగా నచ్చింది బిల్డింగూ ఏసీ రూములూ కాదు, ప్లేటు తీయాలా వద్దా అనేది అక్కడ తేల్చిన పద్ధతి. మన దగ్గర ఎవరికైనా కాల్లో రాడ్డు వేశారంటే చాలు, ఏడాది తిరగ్గానే తీసేయాలి లేకపోతే లోపల తుప్పు పడుతుందని ఒకళ్ళు, దాని జోలికి పోతే ఎముక మళ్ళీ విరుగుద్దని ఇంకొకళ్ళు, ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారు. డాక్టర్లలో కూడా రెండు రకాలూ ఉన్నారు. మధ్యలో మనం నలిగిపోతాం.

నా కేసు ఏంటంటే, వర్షంలో బండి జారి కుడి చీలమండ రెండు వైపులా విరిగింది. అప్పుడు బయట వైపు చిన్న ఎముకకి ప్లేటు వేసి స్క్రూలు బిగించారు, లోపలి వైపు రెండు స్క్రూలు, ఇవి కాక చిన్న ఎముకనీ పెద్ద ఎముకనీ కలిపి పట్టుకోడానికి అడ్డంగా ఒక పొడుగు స్క్రూ. ఎముక బాగానే అతుక్కుంది, నడక వచ్చేసింది, ఏడాది దాటాక అసలు ఇబ్బంది మొదలైంది. మాది వన్‌టౌన్‌లో చీరల షాపు. కుర్చీలు ఉండవు, కస్టమర్లకి చీరలు విప్పి చూపించేటప్పుడు మేం పరుపుల మీద బాసింపట్టు వేసుకునే కూర్చోవాలి. అలా కూర్చున్నప్పుడు చీలమండ బయటి ఎముకే కదా నేలకి ఆనేది, సరిగ్గా అక్కడే ప్లేటు అంచు, దాని మీద చర్మం తప్ప కండ లేదు, కాసేపటికే సలుపు, సాయంత్రానికి ఎర్రగా వాపు. ఇంట్లో పీట మీద పూజకి కూర్చున్నా అంతే. బూట్లు వేసుకుంటే అంచు ఒరుసుకుని పుండు పడేది.

మొదట ఆపరేషన్ చేసిన హాస్పిటల్‌కే వెళ్ళా. ఎక్స్‌రే తీశారు, అడ్డంగా వేసిన పొడుగు స్క్రూ మధ్యలో విరిగి ఉంది, అది చూపించి లోపల స్క్రూ విరిగిపోయింది మొత్తం తీసేయాలి రేపే అడ్మిట్ అయిపోండి అన్నారు. కాలు ముట్టుకుని చూడలేదు, ఎక్కడ నొప్పి అని అడగలేదు. ప్యాకేజీ కాగితం మాత్రం చేతికి వచ్చింది. విరిగిందన్న మాట వినగానే మా ఆవిడకి రాత్రి నిద్ర లేదు. సరే ఇంకో చోట చూపిద్దాం అని మా బావమరిది చెప్తే ఈ క్లినిక్‌కి వచ్చాం.

ఇక్కడ డాక్టర్ గారు చేసిన మొదటి పని, రెండు కాళ్ళ చెప్పులూ తీయించి నన్ను కింద కూర్చోమనడం. నిజంగానే గదిలో నేల మీద. షాపులో ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి, ఇప్పుడు నొప్పి ఉన్న చోటు ఒక్క వేలితో చూపించండి అన్నారు. ప్లేటు కింది చివర సరిగ్గా వేలు పెట్టి చూపించా. ఆయన అక్కడే నొక్కితే ప్రాణం పోయినంత పనైంది. ఇంకెక్కడన్నా ఉందా అంటే, ఉంది సార్ పొద్దున్నే లేవగానే కాలు బిగుసుకుని ఉంటుంది మెట్లు దిగేటప్పుడు ముందు వైపు లోపల పట్టేసినట్టు ఉంటుంది అని చెయ్యి మొత్తం వేసి చూపించా. అప్పుడు ఆయన అన్న మాట, వేలితో చూపించింది ప్లేటు నొప్పి, ప్లేటు తీస్తే అది తగ్గే అవకాశం బాగా ఉంది, చేత్తో చూపించింది కీలు నొప్పి, దెబ్బ తగిలినప్పుడే లోపల గుజ్జు కొంత దెబ్బతిని ఉంటుంది, ప్లేటు తీసినా ఉంచినా అది మీతోనే ఉంటుంది, ఈ రెండూ కలిపేసుకుని ఆపరేషన్‌కి వస్తే తర్వాత నన్ను తిట్టుకుంటారు అని.

ఈ ఒక్క విషయం ఇంత స్పష్టంగా నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. అంతటితో ఆపకుండా ఇంకో రోజు పిలిచి ప్లేటు చివర నొప్పి ఉన్న చోట కొంచెం మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, ఇప్పుడు షాపుకెళ్ళి కూర్చుని చూడండి అన్నారు. ఆ మధ్యాహ్నం కూర్చుంటే నొప్పి లేదు, మెట్లు దిగేటప్పుడు పట్టేయడం మాత్రం అలాగే ఉంది. అంటే ఏ నొప్పి దేనిదో నా కాలే నాకు చెప్పింది. పైసా పెద్ద ఖర్చు లేని టెస్టు ఇది, ప్రతి చోటా ఎందుకు చెయ్యరో తెలీదు.

విరిగిన స్క్రూ సంగతి కూడా చెప్పారు. నడిచేటప్పుడు ఆ రెండు ఎముకలు కొంచెం కొంచెం కదులుతాయి, కదిలే వాటి మధ్య గట్టిగా బిగించిన స్క్రూ కొన్నాళ్ళకి అలిసిపోయి విరగడం మామూలే, అప్పటికి దాని పని అయిపోయి ఉంటుంది, చాలామందికి విరిగినట్టు కూడా తెలీదట. ఇదివరకు ఈ స్క్రూని అందరికీ కొన్ని నెలలకే తీసేసేవాళ్ళు, 2021లో నెదర్లాండ్స్ డాక్టర్ల స్టడీ ఒకటి వచ్చింది, అందరికీ తీయడానికీ ఇబ్బంది ఉన్నవాళ్ళకి మాత్రమే తీయడానికీ కాలు పనితీరులో తేడా కనపడలేదు అన్నారు. కాబట్టి విరిగింది అనేది ఒక్కటే తీయడానికి కారణం కాదు. మా ఆవిడ ఆ రోజు హాయిగా నిద్రపోయింది.

ఇక రిస్కులు. తీయడం చిన్న ఆపరేషనే కదా వేసేదాంట్లో సగం కూడా ఉండదు అని మనం అనుకుంటాం, ఆయన మాత్రం చిన్నదని అనుకోవద్దండి అని గట్టిగా చెప్పారు. 2017లో జామా అనే అమెరికా మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఇంకో స్టడీ, అది కూడా నెదర్లాండ్స్‌దే, మోకాలి కింద ప్లేట్లు స్క్రూలు తీసిన సుమారు 500 మంది మీద చేసింది, ఆపరేషన్ ముందు యాంటీబయాటిక్ ఇచ్చినవాళ్ళలో 13 శాతం మందికి, మందు లేకుండా సెలైన్ ఇచ్చినవాళ్ళలో 15 శాతం మందికి గాయం ఇన్ఫెక్షన్ అయ్యింది, అంటే యాంటీబయాటిక్ ఒక డోసు ఇచ్చినా పెద్ద తేడా రాలేదు. ఎక్కువ శాతం పైపైనే ఉండి తగ్గిపోతాయి కానీ వంద మందిలో పదముగ్గురు అంటే తక్కువేం కాదు కదా. సిగరెట్ తాగేవాళ్ళకి, షుగర్ కంట్రోల్‌లో లేనివాళ్ళకి ఇంకా జాగ్రత్త. నాకు షుగర్ బోర్డర్‌లో ఉంది, మూడు నెలల సగటు చెప్పే టెస్టు చేయించి అది సరిగ్గా వచ్చాకే డేట్ ఇస్తా అన్నారు, అలాగే చేశారు. ఇంకా పాదం పైభాగంలో చర్మానికి స్పర్శ ఇచ్చే నరం ఆ కోతకి దగ్గర్లోనే ఉంటుంది, దానికి తగిలితే మొద్దుబారుతుంది. స్క్రూ తల అరిగిపోయి రాకపోవచ్చు. తీశాక ఎముకలో బెజ్జాలు ఉంటాయి, అవి పూడేదాకా ఎముక బలహీనంగా ఉంటుంది, అప్పుడు గట్టి దెబ్బ తగిలితే ఆ బెజ్జం దగ్గరే విరగొచ్చు.

స్క్రూ తల గురించి ఒక ముఖ్యమైన సంగతి. డాక్టర్ గారు నా మొదటి ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, వాటి మీద అంటించే ఇంప్లాంట్ స్టిక్కర్లు అడిగారు. ఎందుకంటే స్క్రూ తలలో గుంట ఆరు పలకలదా, నక్షత్రం ఆకారంలోదా, ఏ కంపెనీదో ముందే తెలిస్తే దానికి సరిపోయే స్క్రూడ్రైవర్ తెప్పించి పెట్టుకుంటారు. సరిపోనిది పెట్టి తిప్పితే తల అరిగిపోయి ఇరవై నిమిషాల పని రెండు గంటలు పడుతుంది. టైటానియం లాకింగ్ ప్లేట్లయితే స్క్రూ ప్లేటుతో బిగుసుకుపోయి డ్రిల్‌తో కోయాల్సి కూడా వస్తుందట. నాది మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు, 316ఎల్ రకం. తుప్పు భయం గురించి అడిగితే, ఒంట్లో పెట్టే స్టీలు వంటింటి స్టీలు కాదండి, ఏడాదికో రెండేళ్ళకో తీసేయాలనే గడువు దానికేమీ లేదు అన్నారు. ఎంఆర్‌ఐ తీయరు అనే మాట కూడా చాలామంది అంటారు, ఇలాంటి ప్లేటు ఉందని ముందే చెప్తే మామూలుగా తీస్తారు, ప్లేటు చుట్టూ మాత్రం బొమ్మ సరిగ్గా రాదు.

చివరికి తేల్చింది ఏంటంటే, బయటి ప్లేటు, దాని స్క్రూలు తీద్దాం, పొడుగు స్క్రూలో ఇటు సగం వస్తుంది, విరిగి పెద్ద ఎముకలో ఉండిపోయిన ముక్కని వదిలేద్దాం, దాని కోసం ఎముక తవ్వడం అనవసరం. లోపలి వైపు రెండు స్క్రూలు నన్ను ఏమీ అనట్లేదు కాబట్టి అవీ ఉంచేద్దాం. ఎలాగూ మత్తు ఇస్తున్నారు కదా అన్నీ తీసేయొచ్చుగా అని మా నాన్న అడిగారు. ప్రతి కోతకీ దాని రిస్కు దానికి ఉంటుంది పెద్దాయనా, ఇబ్బంది పెట్టని దాన్ని తీస్తే బాగుపడేది ఏమీ లేదు కదా అన్నారు. మొత్తం తీస్తే బిల్లు ఇంకా పెరిగేదే, అయినా ఆయన ఆ మాట అన్నారు చూడండి, అప్పుడే నేను అక్కడ చేయించుకోవాలని డిసైడ్ అయిపోయా. ఆలోచించుకోడానికి టైం కూడా ఇచ్చారు, పెళ్ళిళ్ళ సీజన్ అయ్యాక రండి ఇందులో తొందరేం లేదు అని.

ఆపరేషన్ మామూలుగానే జరిగింది. నడుముకి మత్తు, పాత మచ్చ మీదే కోత. తీసినవి డబ్బాలో వేసి చూపించారు, ఎక్స్‌రే తీసి లోపల ఏం మిగిలిందో అది కూడా చూపించారు. మర్నాడే వాకర్ పట్టుకుని కాలు మోపి నడవమన్నారు. ఆరు వారాలు పరుగులు, గెంతులు, బరువులు వద్దన్నారు. కుట్లు తీసేదాకా గాయం తడవకూడదు, షాపులో కాలు ఎత్తి పెట్టుకునే కూర్చోవాలి.

ఇప్పుడు పరిస్థితి, బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఆ సలుపు లేదు. బూటు ఒరుసుకోవడం లేదు. పొద్దున బిగుసుకోవడం, మెట్ల దగ్గర పట్టేయడం అలాగే ఉన్నాయి, ముందే చెప్పారు కాబట్టి బాధ లేదు, వాటికి ఎక్సర్‌సైజులు చేస్తున్నా. పాదం మీద రూపాయి బిళ్ళంత చోట కొంచెం మొద్దుగా ఉంది, మెల్లగా తగ్గుతోంది.

ఒక మాట, మోకాలు మార్పిడి, తుంటి మార్పిడి చేయించుకున్న పెద్దవాళ్ళు ఇది చదివి కంగారు పడకండి. వాళ్ళకి లోపల పెట్టింది కీలే, అది ఉండాల్సిందే. నేను చెప్పేది విరిగిన ఎముక అతుక్కునేదాకా పట్టి ఉంచే ప్లేట్లు, స్క్రూలు, వైర్ల గురించి. ఇక చీము పట్టినా, స్క్రూ కొన కీల్లోకి వచ్చినా, మోచేతికి వేసిన వైర్లు వెనక్కి జరిగి చర్మాన్ని పొడుస్తున్నా అక్కడ తీయాలా వద్దా అని ఆలోచించే పని లేదు, వెంటనే చూపించాల్సిందే. ఎదిగే పిల్లలదీ వేరే లెక్క, వాళ్ళకి ఎముక ప్లేటు మీదకి పెరిగిపోతుంది కాబట్టి ఎక్కువగా తీసేస్తారు.

ఇక ఐదో స్టార్. ఓపీలో టోకెన్ టైం ఒకటి, లోపలికి పిలిచే టైం ఒకటి, కాలు నొప్పితో వచ్చినవాళ్ళకి అక్కడ సరిపడా కుర్చీలు లేవు. కాలు చాపుకోడానికి ఒక స్టూలు అడిగితే రిసెప్షన్‌లో విసుక్కున్నారు. డిశ్చార్జ్ పొద్దున్నే రాసేసినా బిల్లు చేతికొచ్చేసరికి సాయంత్రం అయింది. ఇన్సూరెన్స్ డెస్క్‌లో కుర్రాడికి ఈ ఆపరేషన్ 24 గంటల అడ్మిషన్ కింద వస్తుందా డేకేర్ (రోజు తిరక్కుండానే ఇంటికి పంపేసేవి) కింద వస్తుందా అన్నది తెలీదు, నేనే కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుని అప్రూవల్ తెప్పించుకోవాల్సి వచ్చింది. కాబట్టి వెళ్ళేవాళ్ళు అడ్మిట్ అవ్వకముందే మీ పాలసీ వాళ్ళని అడిగి ఆ అప్రూవల్ మెయిల్‌లో తెప్పించుకోండి. ఫిజియో ఆయన మాత్రం మంచివాడు, తెలుగులో బొమ్మలేసి ఎక్సర్‌సైజులు రాసిచ్చాడు.