ఆటోమేటిక్ స్కాలర్‌షిప్పా, పోటీ పడి తెచ్చుకునేదా: ఏది మేలు?

మా అబ్బాయి పన్నెండో తరగతిలో ఉన్నప్పుడు ఒక రాత్రి రెండు ఆఫర్ లెటర్లు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. రెండూ అమెరికాలోని పెద్ద పబ్లిక్ యూనివర్సిటీలవే. ఒకదాంట్లో ఏడాదికి 8,000 డాలర్లు, రెండోదాంట్లో 20,000. మా ఆవిడ ఆ రెండోదాన్ని అప్పటికే ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసింది. దాని రెండో పేజీ అడుగున ‘మొదటి ఏడాదికి మాత్రమే’ అన్న ముక్క కంటపడేసరికి పదకొండు దాటింది. 8,000 నాలుగేళ్లూ వస్తే 32,000. గ్రూపులో అభినందనలు మాత్రం మర్నాడు కూడా వస్తూనే ఉన్నాయి.

మెరిట్ స్కాలర్‌షిప్పులు ప్రధానంగా రెండు రకాలు. ఆటోమేటిక్‌గా వచ్చే వాటికి విడిగా ఎస్సే రాయక్కర్లేదు. జీపీఏ (4 పాయింట్ల లెక్కలో మార్కుల సగటు), కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ లేదా ఏసీటీ పరీక్ష స్కోరు చూసి ఇచ్చేస్తారు. యూనివర్సిటీ ఆఫ్ అలబామా లాంటివి ఏ స్కోరుకి ఎంతో టేబుల్ వేసి మరీ చెబుతాయి. అప్లై చేయకముందే మన అంకె మనకు తెలుస్తుంది. గడువు మాత్రం దాటకూడదు. అడ్మిషన్‌కి ఒక తేదీ, స్కాలర్‌షిప్పుకి అంతకంటే ముందు ఇంకో తేదీ ఉండే చోట్లు చాలా ఉన్నాయి.

రెండో రకం పోటీవి. చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా యూనివర్సిటీలో మోర్‌హెడ్-కెయిన్ 1945లో మొదలైంది. వర్జీనియా యూనివర్సిటీలో జెఫర్సన్ స్కాలర్స్ ఉంది. వస్తే నాలుగేళ్ల ఖర్చూ వాళ్లదే. కానీ ఎస్సేలు, సిఫార్సు లేఖలు, ఇంటర్వ్యూలు అన్నీ దాటాలి, పైగా సీట్లు చాలా తక్కువ. ఊరికే రాయి వేసి చూద్దామని పది చోట్ల మొదలుపెట్టిన పిల్లలు మామూలు అప్లికేషన్ ఎస్సేలు కూడా పాడుచేసుకోవడం చూశాను. స్కాలర్‌షిప్పు రాకపోయినా చేరతాం అనుకునే యూనివర్సిటీల్లో ఒకటో రెండో ప్రయత్నిస్తే చాలు.

నన్నడిగితే మార్కులు బాగుండి, ఇంటర్వ్యూలో తడబడే పిల్లలకి ఆటోమేటిక్‌దే మేలు. ముందు అది ఖాయం చేసుకుని, ఓపిక మిగిలితే పోటీకి వెళ్లాలి. చాలామంది తిరగేసి చేస్తారు.

చేతికొచ్చాక నిలబెట్టుకోవడం ఇంకో కథ. చాలాచోట్ల కాలేజీలో 3.0 జీపీఏ ఉండాలంటారు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్‌లో అది తేలిక కాదు. మావాడు కెమిస్ట్రీ దెబ్బకి 2.9కి జారాడు. ఏడాది చివర లెక్క చూసే రూలు కాబట్టి బతికిపోయాం, సెమిస్టర్‌కోసారి చూసే చోటైతే ఏమయ్యేదో! ఒక కోర్సు డ్రాప్ చేస్తే ఫుల్‌టైమ్ విద్యార్థికి సెమిస్టర్‌కి కావాల్సిన 12 క్రెడిట్ల (కోర్సుల బరువు లెక్క) కిందకి పోతామేమో కూడా చూసుకోవాలి. ఇంకోటి, నాలుగేళ్లూ ఇచ్చే స్కాలర్‌షిప్పు అంకె మామూలుగా ఒకటే ఉంటుంది, ట్యూషన్ మాత్రం పెరుగుతూ పోవచ్చు.

రాష్ట్రాలు ఇచ్చే మెరిట్ డబ్బు వేరే. జార్జియాలో 1993 నుంచి లాటరీ ఆదాయంతో నడుస్తున్న హోప్ స్కాలర్‌షిప్పుకి స్కూల్లో 3.0 జీపీఏ ఉండాలి. దాంతోపాటు రాష్ట్ర నివాసి అయ్యుండాలి, పౌరసత్వమో గ్రీన్ కార్డు లాంటిదో ఉండాలి. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్ల అదే స్కూల్లో చదివి, అవే మార్కులు తెచ్చుకున్నా దొరకదు. ఆ ఇళ్లలో ఈ సంగతి ముందే తెలిస్తే యూనివర్సిటీ ఇచ్చే వాటి మీద మొదట్నుంచీ దృష్టి పెట్టొచ్చు.

ఎంఎస్‌కి వచ్చేవాళ్లు టెక్సాస్ రూలు ఒకటి తెలుసుకోవాలి. అక్కడి పబ్లిక్ యూనివర్సిటీలో రాష్ట్రం పిల్లలతో సహా అందరితో పోటీపడి ఏడాదికి కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్పు గెలిస్తే, బయటివాళ్లకి కూడా రాష్ట్ర నివాసులకుండే తక్కువ ట్యూషనే వేసే వీలు చట్టంలో ఉంది. ఒక్కో క్రెడిట్‌కి వందల డాలర్ల తేడా మరి! ఇంకో రాష్ట్రంలో వచ్చిన 5,000 కంటే ఈ వెయ్యే ఎక్కువ మిగల్చవచ్చు. కాకపోతే ఈ మినహాయింపు పొందేవాళ్లు మొత్తం విద్యార్థుల సంఖ్యలో 5 శాతం మించకూడదు, అన్ని స్కాలర్‌షిప్పులకీ ఇది వర్తించదు. ఆఫర్ లెటర్‌లో ట్యూషన్ మినహాయింపు గురించి రాశారో లేదో చూడండి. రాయకపోతే మెయిల్ పెట్టి అడగండి, మొహమాటం వద్దు.

పూర్తి ఖర్చు ఇచ్చే వాటితో పన్ను సంగతి కూడా ఉంది. ట్యూషన్, ఫీజులు, తప్పనిసరి పుస్తకాల వరకు పన్ను లేదు. హాస్టల్‌కి, భోజనానికి ఇచ్చిన భాగం మాత్రం ఆదాయం కిందకే వస్తుంది. ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకి ఆ భాగంలో మామూలుగా 14 శాతం పన్ను కింద ముందే పట్టుకుంటారు.

మేం చివరికి 8,000 ఇచ్చిన చోటే చేర్పించాం. అంతకుముందు స్కాలర్‌షిప్ ఆఫీసుకి మావాడి చేతే మెయిల్ రాయించాను: జీపీఏ పడిపోతే ఒక అవకాశం ఇస్తారా, పోయిన స్కాలర్‌షిప్పు మళ్లీ వస్తుందా, మేజర్ మారితే ఉంటుందా, బయట ఇంకో స్కాలర్‌షిప్పు వస్తే ఇందులో కోస్తారా? నాలుగింటికీ రెండ్రోజుల్లో జవాబొచ్చింది. 20,000 వాళ్లని కూడా ఇవే అడిగాం. వాళ్లు వెబ్‌సైట్ చూసుకోమన్నారు.