వరంగల్ రోడ్ల మీద ఏడాస్ బండి: షోరూంల చెప్పింది ఎంత, వచ్చింది ఎంత

"ఏడాస్ బండి తీస్కున్నవ్ గదా అన్నా, అదే నడుస్తదంట గదా" అని మా కాలనీల ఇప్పటికీ అడుగుతనే ఉన్నరు. దానంతట అది నడవది. ఏడాస్ అంటే డ్రైవింగ్‌ల మనకు సాయం చేసే సామాను, గంతే. బండి పేరు కావాల్ననే రాస్తలేను, ఇది ఒక్క కంపెనీ ముచ్చట కాదు, ఇప్పుడు మధ్య రకం ఎస్‌యూవీలల్ల టాప్ వేరియంట్ ఏది పట్టుకున్నా దాదాపు ఇదే సామాను: అద్దం ఎనక ఒక కెమెరా, ముంగట బంపర్ల ఒక రాడార్. 2021ల ఎంజీ ఆస్టర్, ఎక్స్‌యూవీ 700 వచ్చినప్పటి సంది లెవల్ 2, లెవల్ 2 అని షోరూంలల్ల ఒకటే మోత. టెస్ట్ డ్రైవ్‌ల పిలగాడు "సార్ స్టీరింగ్ ఇడిసిపెట్టుండ్రి, మ్యాజిక్ చూడుండ్రి" అన్నడు, అసలు పంచాయితీ అంతా ఆ మాట కాడనే ఉన్నది.

బండి దానంతట అది ఎంత నడుస్తదో చెప్పే లెవల్స్ 0 నుంచి 5 దాక ఉంటయి. 2 అంటే స్టీరింగ్, బ్రేక్, యాక్సిలరేటర్‌కు బండి సాయం చేస్తది గానీ రోడ్డు చూసుడు మొత్తం మన పనే, గుద్దితే కేసు మన మీదనే. మెర్సిడెస్ వాళ్లు 2022ల జర్మనీల లెవల్ 3 అమ్ముడు మొదలుపెట్టిండ్రు, అది గూడ మొదట్ల హైవే ట్రాఫిక్‌ల 60 స్పీడ్ లోపల్నే. డ్రైవరే లేకుండ తిరిగే వేమో టాక్సీలు అమెరికాల ఫీనిక్స్, శాన్‌ఫ్రాన్సిస్కో అసొంటి ఊర్లల్ల ఉన్నయి, అవి కంపెనీ గీసిన ఏరియా దాటి పోవు, మనకు కొననీకి దొరకవు. టెస్లా వాళ్లే ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ పేరు పక్కకు 2024ల సూపర్‌వైజ్డ్, అంటే డ్రైవర్ చూసుకుంటనే ఉండాలె, అని తగిలిచ్చిండ్రు. మన దిక్కు సంగారెడ్డి కాడ ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్‌ల టిహాన్ అని టెస్ట్ ట్రాక్ ఉన్నది, డ్రైవర్ లేని బండ్ల పరీక్షలు అందుల చేస్తరు. ఇగ గడ్కరీ సారైతే డ్రైవర్ల నౌకర్లు పోతయి, అసొంటి కార్లు రానియ్య అని 2023లనే చెప్పిండు. సో ఇప్పుడు పైసలు పెట్టి మనం కొనేది లెవల్ 2 మాత్రమే, ఆ లెక్కనే చూడాలె.

ఆ లెక్కన చూస్తే హైదరాబాద్ హైవే మీద మస్తుగున్నది. జనగామ దాటి ఆలేరు, భువనగిరి దిక్కు పోతాంటే 80 సెట్ చేసి పెట్టిన, ముంగట లారీ వస్తే బండే మెల్లగైతది, లారీ పక్కకు జరిగితే మళ్ల అందుకుంటది, తెల్ల గీతలు సక్కగ ఉన్నకాడ స్టీరింగ్ జర పట్టుకోని లైన్ల ఉంచుతది, చేతులు తీస్తే కొద్దిసేపట్లనే పీ పీ అని మొత్తుకుంటది. ఉప్పల్ చేరేసరికి కాళ్లు గుంజుతలేవు, నాకు దీని అసలు లాభం ఇదే.

గానీ ముంగటి బండికీ మనకీ అది ఇడిసే గ్యాప్ ఉంటది చూడు, మన జనాలకు అది ఖాళీ జాగ. ఒక బైక్ దూరుతది, బండి స్లో అయితది, మళ్ల గ్యాప్ ఇస్తది, ఈసారి ఆటో దూరుతది, మళ్ల స్లో, ఎనకటోడు హారన్ మీద చెయ్యి తీయడు. గ్యాప్‌ను అన్నిటికన్న తక్కువల పెట్టినా కథ ఇదే. మా బాపు పక్క సీట్ల కూసోని "గీడ బ్రేకెందుకేస్తానవ్ రా" అంటడు, నేనెయ్యలే బాపూ బండి ఏసింది అంటే నమ్మడు.

హైవే దిగితే ఇంకో లోకం. పరకాల రోడ్డు గానీ నర్సంపేట రోడ్డు గానీ, కోతల టైంల సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు, అంచుకు రాళ్లు పేరుస్తరు, రాత్రయితే కుప్ప చేసి పరదా కప్పి పెడతరు. పగటి పూట వడ్ల కింద గీత కనపడక స్క్రీన్ మీద లేన్ గుర్తు తెల్లగైపోతది, అంటే చేతులెత్తేసిందన్నట్టు. రాత్రి సంగతి ఇంకా కష్టం, నల్ల పరదా, కదలని కుప్ప, దాన్ని బండి పట్టుకుంటదని నేనైతే నమ్మ. మాన్యువల్‌ల రాసింది గూడ కార్లు, బైకులు, మనుషులు అనే. పత్తి లోడు ట్రాక్టర్ కూడ అంతే, రెండు దిక్కులా బోరాలు బయటికి ఏలాడుతుంటయి, ఎనక లైటుండది, ఒక్కోసారి గుర్తు పడతది ఒక్కోసారి పట్టది. కరీంనగర్ రోడ్డు మీద నాలుగు లైన్ల పనులు నడిచేకాడ పాత గీత ఒక దిక్కు డైవర్షన్ ఒక దిక్కు, స్టీరింగ్ పాత గీత పొంటి గుంజుతది, అక్కడ లేన్ అసిస్ట్, అంటే లైన్ల ఉంచే ఫీచర్, బంద్ పెట్టుడే.

హన్మకొండ చౌరస్తా, కాజీపేట లోపల నేను బ్రేక్ వార్నింగ్ (గుద్దేటట్టుంటే మొత్తుకోని బండే బ్రేక్ ఏసేది) ఒక్కటి తప్ప అన్నీ బంద్ పెడత. ఆ వార్నింగ్ మాత్రం ఉండాలె. నయీంనగర్ కాడ ముంగటి ఆటో ప్యాసింజర్ కనపడంగనే నడి రోడ్డు మీద ఆగింది, నా కాలు పెడల్ మీద పడ్తున్న టైంకే బండి మొత్తుకోని బ్రేక్ పట్టింది. ఆ ఒక్క ఫీచర్‌కే పైసలు పెట్టినా తప్పు లేదు అంట నేను.

షోరూంల ఎవ్వలూ చెప్పని ఖర్చు అద్దం. గ్రానైట్ లారీ ఎనక పోతాంటే కంకర తగిలి అద్దం పగిలింది, మామూలు బండికైతే కొత్త అద్దం ఏసి పంపుతరు, దీనికి కెమెరా మళ్ల కాలిబ్రేషన్ చెయ్యాలె, అంటే దాని చూపు సక్కగ సెట్ చెయ్యాలె, ఆ సామాను మా సర్వీస్ సెంటర్‌ల లేదు, హైదరాబాద్ తీస్కపోండ్రి అన్నరు. అప్పటిదాక స్క్రీన్ మీద పసుపు లైటు, ఏడాస్ మొత్తం బంద్. బంపర్‌కు సొట్ట పడి రాడార్ కదిలినా ఇదే తిప్పల. వానాకాలం బురద పడితే గూడ సెన్సర్ బ్లాక్ అని వస్తది, అది బట్టతోని తుడిస్తే పోతది.

నెలకు నాలుగైదు సార్లు హైదరాబాద్ పోయొచ్చేటోళ్లు టాప్ వేరియంట్ తీస్కోండ్రి. ఊర్లనే తిరిగేటోళ్లు, పొలం కాడికి పోయొచ్చేటోళ్లు ఆ పైసలు మిగిలిచ్చుకోని ఆరు ఎయిర్‌బ్యాగులున్న కింది వేరియంట్ చూసుకోండ్రి. 360 కెమెరా చూపిచ్చి ఇదే ఏడాస్ అంటే నమ్మకుండ్రి, అది పార్కింగ్ సామాను. బుకింగ్ పైసలు కట్టకముందే రెండు అడుగుండ్రి: కాలిబ్రేషన్ వరంగల్‌ల అయితదా, అద్దం పగిలితే ఆ ఖర్చు ఇన్సూరెన్స్‌ల వస్తదా. నోటి మాట కాదు, కాయితం మీద రాపిచ్చుకోండ్రి.