నీలి మూత గొట్టాన్ని గీత దాకా నింపే ల్యాబ్

గుంటూరు కొత్తపేటలో, ఆసుపత్రుల మధ్య ఒక మందుల దుకాణం పైన మొదటి అంతస్తులో ఉన్న ఈ ల్యాబ్‌కు ఆరు నెలలుగా మా అన్నయ్యను తీసుకువెళ్తున్నాను. హెచ్‌ఐవీతో జీవిస్తున్న ఆయన పదకొండేళ్లుగా జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజనాసుపత్రి)లోని ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రం ఇచ్చే మందులు ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకుంటున్నారు, వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గింది. అయినా ఎడమ పిక్క వాచి, డాప్లర్ స్కానింగ్‌లో లోపలి సిరలో రక్తపు గడ్డ కనబడింది.

వైరస్ అదుపులో ఉన్నా ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) పూర్తిగా చల్లారదనీ, అది రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీసి రక్తానికి గడ్డకట్టే గుణాన్ని పెంచుతుందనీ డాక్టరు గారు ఓపికగా వివరించారు. గడ్డలు కరిగేటప్పుడు రక్తంలో చేరే డీ-డైమర్, హెచ్‌ఐవీ మందులు మధ్యలో ఆపినవారిలో పెరిగిందనీ, అది ఎక్కువగా ఉన్నవారిలో మరణాల ముప్పు కూడా ఎక్కువనీ 2008లో వెలువడిన స్మార్ట్ అధ్యయన ఫలితాలు చూపాయి. కాలు నొప్పి పెడుతున్నా అన్నయ్య హెచ్‌ఐవీ మాత్రలు మానకపోవడానికి ఆ మాటే కారణం.

గడ్డ పెరగకుండా అన్నయ్య వార్ఫరిన్ అనే మందు వాడుతున్నారు. అది వాడేవారికి ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే అంకె, సాధారణంగా 2కూ 3కూ మధ్య ఉండాలి, మరీ పెరిగితే రక్తస్రావం ముప్పు. ఇంతకు ముందు వేరొక చోట చేయిస్తే 4.8 వచ్చింది. చిగుళ్ల నుంచి చుక్క రక్తమైనా రాలేదు కదా అని అనుమానించిన డాక్టరు గారు, మోతాదు తగ్గించకుండా మళ్లీ పరీక్ష చేయించమన్నారు. అదే రోజు ఇక్కడ 2.4 వచ్చింది. నీలి మూత గొట్టంలో ముందే పోసి ఉండే, రక్తాన్ని గడ్డకట్టనివ్వని సిట్రేట్ ద్రవం ఒక పాలుకు రక్తం తొమ్మిది పాళ్లు ఉండాలి, సగమే నింపితే గడ్డకట్టే సమయం లేనిపోనిదిగా పెరుగుతుంది. మొదటి చోట గొట్టం సగానికి మించి నిండకపోవడం నేను కళ్లారా చూశాను. ఇక్కడి అమ్మాయి మాత్రం రక్తం గీతను తాకేదాకా ఆగి, గొట్టాన్ని కుదపకుండా మెల్లగా నాలుగుసార్లు తిరగేసి, ఆ తరువాతే సూది గుచ్చిన చోట దూది నొక్కి పట్టుకోమని చెప్పింది.

వాడుతున్న మందులన్నీ అడిగి రాసుకుంటారు. అన్నయ్య వాడే హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్‌తో చిక్కు లేదు గానీ, రిటోనావిర్ కలిసిన హెచ్‌ఐవీ మందులతో రివరాక్సబాన్ అనే గడ్డకట్టనివ్వని మందు వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది కనుక ఆ ప్రశ్న అవసరమే. అడిగేది కూడా పక్కకు పిలిచి, గొంతు తగ్గించి. చీటీ మీద టోకెన్ నంబరు తప్ప జబ్బు పేరు ఉండదు. అనుమతి లేనిదే ఎవరి హెచ్‌ఐవీ స్థితినీ బయటపెట్టరాదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతున్నా, దాన్ని ఇంత శ్రద్ధగా పాటించేవారిని నేను తక్కువగానే చూశాను.

లోపాలు రెండు. డీ-డైమర్ అంకె పక్కన ఏ యూనిట్‌లో కొలిచారో స్పష్టంగా ఉండదు, ఎర్రటి అక్షరాల్లో ‘ఎక్కువ’ అని మాత్రం ఉంటుంది. అది చూసి మా వదిన ఆ రాత్రంతా నిద్రపోలేదు. రెండోది, లిఫ్ట్ లేదు. వాచిన కాలితో అన్నయ్య ఇరవై రెండు మెట్లు ఎక్కవలసి వచ్చింది. కింద ఒక కుర్చీ వేసి అక్కడే రక్తం తీసే ఏర్పాటు చేయమని కౌంటరులో రాసి ఇచ్చి వచ్చాను.