"త్రీడీ హోలోగ్రామ్" డిస్‌ప్లే కొనేటోళ్లు జాగ్రత్త: హన్మకొండలో నాకు జరిగింది చెప్తున్న

అన్నలారా, అక్కలారా, షాపు ముందటనో పెండ్లి స్టేజీ మీదనో గాల్లో తేలే బొమ్మ పెడదామని చూస్తున్నరా? పైసలు కట్టే ముందు ఇది చదవండి. నాకు 22 వేలు పోయినయ్.

నాది హన్మకొండల ఈవెంట్ల పని. ఒక స్కూల్ యాన్యువల్ డేకు రామప్ప గుడి మదనిక శిల్పాన్ని నాలుగు దిక్కుల నుంచి కనబడేటట్టు చూపిస్తనని మాటిచ్చిన. "ఇది వాల్యూమెట్రిక్ అన్నా, చుట్టూ తిరిగి చూడొచ్చు" అని అమ్మినాయన వాట్సాప్‌ల వీడియో పంపిండు. వాల్యూమెట్రిక్ అంటే నిజంగనే లోతున్న జాగల వెలుగుచుక్కలతోని బొమ్మ చేసుడు. నమ్మి 18 వేలు కట్టిన.

డబ్బా విప్పితే నాలుగు రెక్కల ఫ్యాన్, రెక్కల మీద వరుసగా ఎల్‌ఈడీలు. ఎదురుంగ నిలబడితే బొమ్మ బాగనే ఉంది. పక్కకు జరిగినకొద్దీ నొక్కుకపోయి ఆఖరికి గీతలెక్క అయింది. రెక్కలు తిరిగేది గోడలెక్క ఒక్క పొరలనే కదా! వెలుగు కంట్ల క్షణం కన్న తక్కువసేపు నిలుస్తది కాబట్టి పళ్లెమంత బొమ్మ కనబడుతది. లోతు ఉన్నట్టు అనిపించేది నల్ల బ్యాక్‌గ్రౌండ్ వల్ల, నీడల వల్ల.

ఫోన్ చేస్తే, "క్లారిటీ అప్‌డేట్ వేస్తా, ఇంకో 4 వేలు" అన్నడు. అదీ కట్టిన. వెలుగు పెరిగింది, మదనిక గాజులు మాత్రం అట్లనే అలుక్కపోయినయ్. రెక్క మీద ఎల్‌ఈడీలు ఎన్నుంటే గుండ్రటి గీతలు అన్నే. అంచుకు పోయినకొద్దీ చుట్టు పెద్దదైతది, చుక్కకూ చుక్కకూ నడుమ ఎడం పెరుగుతది. ఏ అప్‌డేట్ వేసినా కొత్త ఎల్‌ఈడీలు రావు.

అసలైన వాల్యూమెట్రిక్ వేరే. పర్‌స్పెక్టా అనే పాత యంత్రంల తిరిగే తెర మీద బొమ్మను 198 పలచని ముక్కలు చేసి వేసేటోళ్లు, ఒక్కో ముక్క 768 × 768 చుక్కలు. డెప్త్‌క్యూబ్ అనే ఇంకో యంత్రంల ఒకదాని ఎన్క ఒకటి 20 లిక్విడ్ క్రిస్టల్ పొరలుంటయ్. పొరల నడుమ మెట్లు కనబడకుండా ఒక చుక్క వెలుగును పక్కపక్క పొరలకు పంచుతరు. బొమ్మ నాణ్యత పెంచుడంటే అది. ఈ యంత్రాలల్ల గూడ బొమ్మ ఎనక భాగం ముందుభాగంల నుంచి కనబడుతది, రాతిలెక్క గట్టిగ రాదు. "అచ్చం రాయిలెక్క ఉంటది" అని ఎవరన్నా అంటే నమ్మకండి.

కొనే ముందు మీ సొంత ఫైలు పెట్టించి, ట్యూబ్‌లైట్ వేసి, పక్కకు పోయి నిలబడి చూడండి. వీడియో పంపితే, కట్ లేకుండా చుట్టూ నడుస్తూ తీసింది పంపమనండి. ఇంకోటి, తిరిగేటప్పుడు రెక్కలు కనబడవు. పిల్లలు వేలు పెడ్తరు. కవర్ లేకుండా స్టేజీ మీద అస్సలు పెట్టొద్దు.

ఆ రోజు పక్క వరుసల పిల్లలకు మదనిక కనబడనే లేదు. హెడ్‌మాస్టర్ మేడం ఏమనలే, నేనే తల ఎత్తలేకపోయిన.

మెసేజ్‌లన్నీ దాచి కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసిన, ఇంకా తేలలే. మీరు కొంటే ఏ మాట చెప్పి అమ్మిండో ఆ మాటనే బిల్లు మీద రాయించుకోండి. నా బిల్లు మీద "ఎల్‌ఈడీ ఫ్యాన్" అని మాత్రమే ఉంది.