ఫిషర్ దారా, ఎరిక్సన్ దారా: డిఫెండర్‌కి ఏది మేలు?

2019 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో స్వీడన్ వెనుక వరస, అంటే డిఫెన్స్, గుర్తుందా? కుడివైపు హన్నా గ్లాస్, మధ్యలో నిల్లా ఫిషర్, లిండా సెంబ్రాంట్, ఎడమవైపు మగ్దలేనా ఎరిక్సన్. వీళ్లలో ఫిషర్, ఎరిక్సన్‌ల విషయంలో నాకు ఎప్పుడూ ఓ తర్జనభర్జన. అప్పటికి ఫిషర్‌కి ముప్పై అయిదు నిండబోతున్నాయి, ఎరిక్సన్‌కి ఇరవై అయిదు. ఇద్దరూ స్వీడన్‌లోని లిన్షోపింగ్ క్లబ్‌కి ఆడారు. 2013లో కొన్ని నెలలు కలిసే ఉన్నారు. ఇద్దరూ విదేశాల్లో పెద్ద క్లబ్‌లకు వెళ్లి కెప్టెన్లయ్యారు. ఇప్పుడిప్పుడే డిఫెన్స్‌లో ఆడటం మొదలుపెట్టిన అమ్మాయికి ఎవరి కెరీర్ చూపించాలి?

ట్రోఫీల లెక్క ముందు చెప్పేస్తాను, అది తొందరగా తేలిపోతుంది. ఎరిక్సన్ 2016లో లిన్షోపింగ్‌తో స్వీడన్ లీగ్ గెలిచి, 2017లో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీకి వెళ్లింది. అక్కడ ఆరేళ్లలో 5 లీగ్ టైటిల్స్, 4 ఎఫ్‌ఏ కప్‌లు, 2 లీగ్ కప్‌లు. 2019 నుంచి కెప్టెన్. 2023లో బయర్న్ మ్యూనిక్‌కి మారాక 2024, 2025 జర్మన్ లీగ్ టైటిల్స్ కూడా వచ్చాయి. ఫిషర్ 2010లో మాల్మో క్లబ్‌తో స్వీడన్ లీగ్ గెలిచింది. 2013 నుంచి 2019 దాకా జర్మనీ క్లబ్ వోల్ఫ్స్‌బర్గ్‌లో 4 లీగ్ టైటిల్స్, 5 జర్మన్ కప్‌లు సాధించింది. అన్నీ కలిపి చూస్తే ఎరిక్సన్‌దే పైచేయి. అయితే ఒక్క చోట ఫిషర్ ముందుంది. యూరప్‌లో అన్నిటికన్నా పెద్దదైన ఛాంపియన్స్ లీగ్‌ని ఆమె 2014లో గెలిచింది. ఎరిక్సన్ 2021లో చెల్సీని ఫైనల్ దాకా తీసుకెళ్లింది కానీ అక్కడ బార్సిలోనా చేతిలో 4-0తో ఓడిపోయారు. ఆ ఫైనల్ జరిగింది స్వీడన్‌లోనే, గోథెన్‌బర్గ్‌లో. సొంత దేశంలో, కెప్టెన్‌గా అలాంటి ఓటమి ఎంత బాధ పెట్టి ఉంటుందో!

ఇక నా మనసు ఎటు మొగ్గుతుందో చెప్తాను. ఫిషర్ మొదట డిఫెండర్ కాదు. ఎన్నో ఏళ్లు మిడ్‌ఫీల్డ్‌లో ఆడింది. 2011 ప్రపంచకప్‌లో అమెరికాని స్వీడన్ 2-1తో ఓడించినప్పుడు ఒక గోల్ ఆమె ఫ్రీకిక్ నుంచే వచ్చింది. ఆ మ్యాచ్ జరిగిన ఊరు వోల్ఫ్స్‌బర్గ్. రెండేళ్ల తర్వాత అదే ఊరి క్లబ్‌లో ఆమె చేరింది. (అప్పటి స్వీడన్ కోచ్ థామస్ డెన్నర్‌బీ తర్వాత మన దేశానికి వచ్చి భారత మహిళల జట్టుకి కోచ్‌గా చేశారు. 2022లో ఇక్కడ జరిగిన అండర్-17 ప్రపంచకప్‌లో మన అమ్మాయిలకి కోచ్ ఆయనే.)

డెన్నర్‌బీ తర్వాత పియా సుండ్‌హాగే వచ్చారు. యూరప్ దేశాల మధ్య జరిగే యూరో పోటీలు 2013లో స్వీడన్‌లోనే. అప్పుడు ఆమె ఫిషర్‌ని సెంటర్ బ్యాక్‌గా, అంటే డిఫెన్స్ మధ్యలోకి, వెనక్కి జరిపారు. ఫిషర్‌కి అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. ఆ వయసులో చాలామంది తమకు అలవాటైన చోటు పోకుండా చూసుకుంటారు. ఈమె మాత్రం కొత్త చోట నిలబడటమే కాదు, ఆ టోర్నీలో 3 గోల్స్ కొట్టింది. ఏడాది తిరిగేసరికి యూరప్ అత్యుత్తమ క్రీడాకారిణి అవార్డు ఓటింగ్‌లో మూడో స్థానంలో ఉంది. మిడ్‌ఫీల్డర్‌గా నేర్చుకున్నదేదీ వృథా పోలేదు. బంతి వచ్చిందంటే కంగారుగా బయటికి తన్నేయకుండా, తల ఎత్తి ముందున్నవాళ్లకు అందించగల డిఫెండర్ ఆ జట్టుకి దొరికింది.

ఎరిక్సన్ దారి వేరు. ఎడమకాలి ఆటగత్తె. మొదటి నుంచీ డిఫెన్సే. స్టాక్‌హోమ్‌లో హమ్మార్‌బీ, తర్వాత లిన్షోపింగ్, తర్వాత చెల్సీ. ఒక్కో మెట్టూ బాగా కుదురుకున్నాకే పైమెట్టు ఎక్కింది. డిఫెన్స్‌లో ఎడమ అంచున లెఫ్ట్ బ్యాక్‌గానూ, మధ్యలో సెంటర్ బ్యాక్‌గానూ ఆడగలదు కాబట్టి కోచ్‌లకి ఆమెని పక్కన పెట్టే అవసరం తక్కువ. ఇతరులు అనుసరించగలిగే దారి ఇది. ఏ వయసులో ఏ క్లబ్‌కి వెళ్లాలి, ఎన్నాళ్లు ఉండాలి అని టెన్షన్ పడే అమ్మాయికి, ఆమె తల్లిదండ్రులకి నేను ఎరిక్సన్‌నే చూపిస్తాను.

అసలు విదేశాలకి వెళ్లడం తప్పదా అని అడిగేవాళ్లు ఉంటారు. ఒకప్పుడు అవసరం ఉండేది కాదు. 2003, 2004లలో స్వీడన్ క్లబ్ ఉమియా యూరప్ ఛాంపియన్. బ్రెజిల్ నుంచి స్టార్ క్రీడాకారిణి మార్తా వచ్చి అక్కడ ఆడింది. ఆ తర్వాత పరిస్థితి మారిపోయింది. 2014 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఫిషర్ జట్టు ఎదుర్కొన్నది స్వీడన్ క్లబ్ టైరెసోనే. మార్తా వాళ్ల జట్టులో ఉంది. టైరెసో 2-0 ఆధిక్యంలోకి వెళ్లింది, చివరికి వోల్ఫ్స్‌బర్గ్ 4-3తో గెలిచింది. కొద్ది రోజులకే అప్పుల్లో మునిగిన టైరెసో లీగ్ మధ్యలోనే తప్పుకుంది. యూరప్ ఫైనల్ ఆడిన క్లబ్‌కే ఆ గతి పట్టాక, ఎరిక్సన్ తరం బయటికి వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

మూడో దారి కూడా ఉంది: మరో స్వీడన్ డిఫెండర్ అమాండా ఇలెస్టెట్‌ది. మాల్మో, పోట్స్‌డామ్, బయర్న్, పారిస్, ఆర్సెనల్. తరచూ క్లబ్‌లు మారింది. 2023 ప్రపంచకప్‌లో సెంటర్ బ్యాక్‌గా ఆడుతూనే 4 గోల్స్ కొట్టింది. టోర్నీ టాప్ స్కోరర్ జపాన్ అమ్మాయి హినాటా మియజావాకి 5. అద్భుతమైన టోర్నీ, కాదనను. కానీ కార్నర్ కిక్‌ల మీద వచ్చే గోల్స్ చూసి డిఫెండర్ కెరీర్‌ని తూచడం నాకు సరిగా అనిపించదు.

జాతీయ జట్టు సంగతికొస్తే ఫిషర్ 194 మ్యాచ్‌లు ఆడింది. 2011, 2019 ప్రపంచకప్ కాంస్యాలు, 2016 రియో ఒలింపిక్స్ రజతం ఆమెకున్నాయి. ఎరిక్సన్‌కి రెండు ఒలింపిక్ రజతాలు, రెండు ప్రపంచకప్ కాంస్యాలు. ఇక్కడ తేడా పెద్దగా లేదు.

మైదానం బయట కూడా ఇద్దరూ నోరు మూసుకుని కూర్చోలేదు. ఫిషర్ వోల్ఫ్స్‌బర్గ్ కెప్టెన్‌గా, స్వలింగ సంపర్కులకు మద్దతు గుర్తయిన ఇంద్రధనుస్సు రంగుల బ్యాండ్ చేతికి కట్టుకుని దిగేది. 2018లో క్లబ్ తన పురుషుల జట్టు కెప్టెన్‌కీ అదే కట్టింది. ఒక మహిళా క్రీడాకారిణి మొదలుపెట్టిన పనిని పురుషుల జట్టు అందుకోవడం ఎంత అరుదో ఫుట్‌బాల్ చూసేవాళ్లకి తెలుసు. ఎరిక్సన్, ఆమె భాగస్వామి, డెన్మార్క్ ఫుట్‌బాల్ క్రీడాకారిణి పెర్నిల్లె హార్డర్ తమ జీతంలో ఒక శాతం సేవా కార్యక్రమాలకి ఇస్తామని కామన్ గోల్ ఉద్యమంలో చేరారు.

ఇంతకీ ఏది మేలు? ప్లాన్ చేసుకోవడానికి ఎరిక్సన్ కెరీర్. కానీ ఒకే ఒక్కరిని ఎంచుకోమంటే నేను ఫిషర్ అనే అంటాను. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో కోచ్ నీ చోటు మార్చవచ్చు, అక్కడే నీ అసలు ఆట మొదలుకావచ్చు. ఈ సంగతి ఏ అకాడమీలోనూ ముందుగా చెప్పరు.

2019 జులై 6, ఫ్రాన్స్‌లోని నీస్ నగరం. మూడో స్థానం కోసం ఇంగ్లండ్‌తో మ్యాచ్. మనకు రాత్రి ఎనిమిదిన్నరకి మొదలైంది. స్వీడన్ 2-1తో ముందుంది, ఆట ముగింపుకొచ్చింది. ఇంగ్లండ్ క్రీడాకారిణి లూసీ బ్రాంజ్ కొట్టిన బంతి గోల్‌కీపర్‌ని దాటిపోయింది. గోల్ లైన్ మీద ఫిషర్ ఉంది. బంతిని బయటికి పంపేసింది.