ఎర్ర బటన్ ఒక్కటే లోటు: ఫ్రీ డిష్‌ని కోడిలో చూస్తున్న ఆరు నెలలు

దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్ సర్వీసు ఫ్రీ డిష్ చూస్తున్నా, ఆరు నెలలుగా మా ఇంట్లో టీవీ కింద సెట్‌టాప్ బాక్స్ లేదు. దాని చోట రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే అరచేతంత కంప్యూటర్, అందులో లిబ్రీఎలెక్ అనే చిన్న లినక్స్, దాని మీద టీవీ తెర కోసం చేసిన ప్లేయర్ కోడి, వెనకాల ఛానెళ్లని పట్టి దానికి అందించే టీవీహెడ్‌ఎండ్. సాఫ్ట్‌వేర్ అంతా ఓపెన్ సోర్సే, పైసా కట్టక్కర్లేదు. మా అమ్మకి ఈ పేర్లేవీ అక్కర్లేదు, సాయంత్రం స్టవ్ దగ్గర్నుంచే "కోడి పెట్టరా" అంటుంది. లోటల్లా ఒక్కటే, రిమోట్ మీది ఎర్ర బటన్ నొక్కితే నడుస్తున్న కార్యక్రమానికి సంబంధించిన పేజీ తెరుచుకోదు, ఆ సంగతి చివర్లో చెప్తాను.

ముందు ట్యూనర్ సంగతి, అంటే డిష్ సిగ్నల్‌ని కంప్యూటర్‌కి అందించే పెట్టె. చాలామంది ఆగిపోయేది అక్కడే. కోఠి గుజరాతీ గల్లీలో ఒక షాపతను "అన్నిట్లో నడుస్తది భయ్యా" అంటే నమ్మి ఒక యూఎస్‌బీ ట్యూనర్ తెచ్చాను. లినక్స్‌లో దాన్ని నడిపే డ్రైవరే లేదు, వాపసు ఇస్తానంటే తీసుకోలేదు. రెండోసారి లోపలి చిప్ పేరు కనుక్కుని, దానికి లినక్స్‌లో డ్రైవర్ ఉందని చూసుకున్నాకే డబ్బులిచ్చాను. ట్యూనర్‌కి విడిగా అడాప్టర్ ఉన్నదే తీసుకోండి, డిష్ మీద సిగ్నల్ అందుకునే ముక్క ఎల్‌ఎన్‌బీకి 13 వోల్టులో 18 వోల్టులో వెళ్లాలి కాబట్టి ఆ భారం రాస్‌ప్‌బెర్రీ యూఎస్‌బీ పోర్టు మీద పెట్టొద్దు.

ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి, 93.5 డిగ్రీల తూర్పున. హైదరాబాద్‌లో మన మేడ మీద నిలబడి చూస్తే దాదాపు ఆగ్నేయం, 63 డిగ్రీల ఎత్తు. ఫోన్‌లో టీవీహెడ్‌ఎండ్ పేజీ తెరిచి, 9981 పోర్టులో వస్తుంది, సిగ్నల్ గీత చూస్తూ డిష్‌ని వెంట్రుకవాసి వెంట్రుకవాసి జరుపుకుంటూ పోయాను. బోల్టు బిగించేటప్పుడు ఆ గీత మళ్లీ పడిపోతుంది, ఓపిక పట్టాలి.

తర్వాతంతా హాయి. డీడీ యాదగిరిలో వార్తలు నడుస్తుంటే కుక్కర్ విజిల్ వచ్చిందనుకోండి, అమ్మ పాజ్ నొక్కి వెళ్లిపోతుంది, తిరిగొచ్చి అక్కణ్నుంచే చూస్తుంది. టైమ్‌షిఫ్ట్ అంటే ఇదే. ఉపగ్రహం నుంచి ఒకే తరంగం మీద కలిసి వచ్చే, అంటే ఒకే ట్రాన్స్‌పాండర్‌లో ఉన్న ఛానెళ్లయితే ఒక్క ట్యూనర్‌తోనే ఒకటి చూస్తూ ఇంకోటి రికార్డ్ చేసుకోవచ్చు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. చెల్లి బీటెక్. జీశాట్-15 మీదే వచ్చే స్వయంప్రభ విద్యా ఛానెళ్లలో రోజూ కనీసం 4 గంటల కొత్త పాఠాలు వేసి, వాటినే ఇంకో 5 సార్లు తిప్పి వేస్తారు. అర్ధరాత్రి వేసేది రికార్డ్ పెట్టుకుని పొద్దున బస్సుకి ముందు చూసుకుంటుంది.

ఇక ఎర్ర బటన్. యూరప్‌లో హెచ్‌బీబీటీవీ అని ఒకటుంది, ఛానెల్ తన సిగ్నల్‌తో పాటు ఒక చిన్న పట్టిక పంపుతుంది, అందులో వెబ్ చిరునామా ఉంటుంది, ఎర్ర బటన్ నొక్కగానే ఆ పేజీ నడుస్తున్న కార్యక్రమం మీదే తెరుచుకుంటుంది. బ్రిటన్‌లో ఇదే పనికి ఎంహెగ్-5 అనే పద్ధతి వాడారు, దాన్ని కోడి లాంటి ఇంకో ప్రోగ్రామ్ మిత్‌టీవీ చూపించగలదు. కోడిలో పాతకాలపు అక్షరాల పేజీలైన టెలిటెక్స్ట్ వరకే ఉంది. ఎర్ర బటన్ పేజీ తెరవాలంటే లోపల బ్రౌజర్ ఉండాలి, కోడిలో అది లేదు. యాడ్ఆన్‌గా పెడదామన్నా మొత్తం బ్రౌజర్ ఇంజిన్ మోసుకురావాలి, వీడియో మీద పేజీని పారదర్శకంగా గీయాలి, రిమోట్ మీటలు దానికి అందించాలి. చిన్న పని కాదని తెలుసు, అయినా ఎవరైనా పూనుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను. సర్క్యూట్ల పాఠం నడుస్తున్నప్పుడు ఎర్ర బటన్ నొక్కితే ఆ లెక్క పక్కనే తెర మీదికి వస్తే చెల్లి లాంటి పిల్లలకి ఎంత మేలు! నేను చూసినంతలో మన ఛానెళ్లు ఇంకా అలాంటి పట్టిక పంపడం లేదు. చూపించే పెట్టె ఇంట్లో ఉంటే పంపమని అడగడానికైనా వీలుంటుంది కదా.

ప్రస్తుతానికి రిమోట్ మీటల పని మార్చే కీమ్యాప్ ఎడిటర్‌తో ఎర్ర బటన్‌కి గైడ్, ఆకుపచ్చకి రికార్డింగులు పెట్టాను. హెచ్‌డీఎంఐ తీగ మీదుగా టీవీ రిమోట్ నొక్కుళ్లని పెట్టెకి చేరవేసే సీఈసీ పని చేస్తుంది కాబట్టి ఆ రిమోటే చాలు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ రెండు మీటలూ మొదటి రోజే పెట్టిచ్చేయండి, అమ్మ రెండో రోజుకే నన్ను అడగడం మానేసింది.